3డీ ఆకారాలను కలిపితే చిల్లులు పడుతున్నాయా?

లక్షణం: రెండు ఘనాకారాలను కలిపినా, ఒకదాన్ని మరొకదానిలోంచి తొలిచినా ఫలితం బాగానే వస్తుంది. వాటిని కాస్త తిప్పి మళ్ళీ చేస్తే ఉపరితలంలో చిల్లులు పడతాయి, లేదా ప్రోగ్రామ్ కుప్పకూలుతుంది.

కారణం: ఒక బిందువు తలానికి పైన ఉందో, కింద ఉందో చెప్పేది ఒక నిర్ధారకం (డిటర్మినెంట్) గుర్తు, అంటే దాని విలువ ధనమా, రుణమా అన్నది. తలాన్ని నిర్ణయించే మూడు బిందువులూ, పరీక్షించే బిందువూ దాదాపు ఒకే తలంలో ఉంటే దాని విలువ సున్నాను ఆనుకుని ఉంటుంది. డబుల్ సంఖ్యకు (కంప్యూటర్ దశాంశ సంఖ్యలను దాచే 64 బిట్ల రూపానికి) ఉన్నది 53 బిట్ల ఖచ్చితత్వమే. తీసివేతల్లో అసలు అంకెలు రద్దయిపోయి, గుండ్రం చేయడంలో వచ్చిన దోషమే మిగులుతుంది. విలువ కొంచెం తప్పితే పెద్ద నష్టం లేదు. ఒకే బిందువును ఒకచోట ‘పైన’ అని, మరోచోట ‘కింద’ అని తీర్మానించడంతోనే అసలు చిక్కు. అలాంటి ఆకారం ఉండనే ఉండదు.

చాలామంది వెంటనే ఎప్సిలాన్ అనే చిన్న హద్దు పెడతారు: 0.000001 కన్నా తక్కువైతే సున్నా అనుకుందాం అని. రోగమొకటి, మందొకటి. మొదటి బిందువు రెండోదానికి, రెండోది మూడోదానికి దగ్గరైనా, మొదటిది మూడోదానికి దగ్గర కానక్కర్లేదు. పైగా కొలత మారితే ఆ హద్దూ పనికిరాదు.

పరిష్కారం: గుర్తును ఖచ్చితంగా తేల్చాలి. ముందు మామూలు లెక్క చేసి, దోషం ఎంతవరకు ఉండవచ్చో లెక్కగట్టాలి. విలువ ఆ హద్దు దాటితే గుర్తును నమ్మవచ్చు. దాటకపోతేనే ఎక్కువ ఖచ్చితత్వంతో మళ్ళీ లెక్కించాలి. జొనాథన్ షూచక్ 1997లో ప్రచురించిన పద్ధతి ఇదే కోవలోది. ఆయన సీ భాషలో రాసిన కోడ్ ఉచితంగా దొరుకుతుంది. జ్యామితి లెక్కల కోసం ఉన్న సీగాల్ (CGAL) లైబ్రరీలోనూ ఖచ్చితమైన పరీక్షలున్నాయి. కంపైలర్‌లో లెక్కలను వేగం కోసం మార్చేసే ‘ఫాస్ట్ మ్యాత్’ ఐచ్ఛికాన్ని మాత్రం ఆపేయండి: దోషాన్ని పట్టుకునే పదాలనే అది అనవసరమని కొట్టేయగలదు.

ఒక మెలిక ఉంది. ఖండన బిందువులను గుండ్రం చేసి నిల్వ చేస్తే, తర్వాతి పరీక్ష ఎంత ఖచ్చితమైనా అది అలా చోటు తప్పిన బిందువుల గురించే చెబుతుంది. వరుసగా కోతలు వేసేటప్పుడు వాటిని భిన్నాలుగానో, ఏ తలాల ఖండనమో గుర్తుపెట్టుకునో చివరిదాకా మోయాలి. వేగం తగ్గుతుంది, తప్పదు.

లక్షణం: మూలబిందువుకు దూరంగా ఉన్న ఆకారం తెరపై వణుకుతుంది.

కారణం: 32 బిట్ల ఫ్లోట్, అంటే డబుల్ కన్నా తక్కువ ఖచ్చితత్వమున్న సంఖ్యారూపం. 5,00,000 మీటర్ల దగ్గర పక్కపక్క సంఖ్యల మధ్య ఎడం దాదాపు 3 సెంటీమీటర్లు.

పరిష్కారం: ఆకారానికి దగ్గరలో స్థానిక మూలం పెట్టుకోండి. తీసివేత డబుల్‌లో చేసి, ఆ తర్వాతే ఫ్లోట్‌కు మార్చండి. ముందే మార్చేస్తే పోయిన అంకెలు తిరిగి రావు.