నిర్మొహమాటంగా రాయడం ఎలా: చూసిన సినిమాలు, సిరీస్‌ల మీద మన అభిప్రాయం

నెల రోజుల్లో చూసిన అయిదారు సినిమాలు, రెండు మూడు సిరీస్‌ల గురించి ఒకేచోట అభిప్రాయాలు రాయాలని కూర్చున్నప్పుడు చాలామంది కలం రెండు మాటల దగ్గరే ఆగిపోతుంది: బాగుంది, బోరు కొట్టింది. ఆ రెండూ అబద్ధాలు కావు కాని, చదివేవారికి వాటి వల్ల తెలిసేది ఏమీ ఉండదు. ఇక నిర్మొహమాటంగా రాయడమంటే దొరికినదాన్నల్లా ఉతికి ఆరేయడమని అనుకోవడం ఇంకొక పొరపాటు. అందరూ ఆకాశానికెత్తిన సినిమా నచ్చలేదని చెప్పడానికి మొహమాటం అడ్డు వస్తుందన్నది నిజమే. అయితే అందరూ వెక్కిరించిన సినిమా చూసి కళ్లు తుడుచుకున్నామని ఒప్పుకోవడానికి అంతకంటే పెద్ద మొహమాటం అడ్డు వస్తుంది. ఈ రెండోదాన్ని దాటగలిగినవారు రాసినదే నాకు నమ్మదగినదిగా కనిపిస్తుంది.

మొదట చేయవలసిన పని రాయడం కాదు, ఇతరులు రాసినది చదవకుండా ఉండడం. తెర మీద పేర్లు పడుతుండగానే ఫోను తీసి నలుగురి మాటలు చదివితే, అరగంట తరువాత మన అభిప్రాయమేదో, అరువు తెచ్చుకున్నదేదో మనకే తెలియదు. అందుకని చూడడం పూర్తికాగానే ఒక కాగితం మీద, పూర్తి వాక్యాలు కాకపోయినా సరే, గుర్తున్నదంతా రాసిపెట్టుకోవాలి. ముఖ్యంగా ఎక్కడ గడియారం వైపు చూశామో, ఎక్కడ వెనక్కి జరిపి మళ్లీ చూశామో, ఎక్కడ పక్కవారితో మాట కలిపామో రాసుకోవాలి. విసుగు గురించి మనసు తరువాత ఎన్ని సాకులు చెప్పినా, గడియారం వైపు చూసిన క్షణం మాత్రం అబద్ధం చెప్పదు. ఈ పని ఆలస్యం చేయకూడదనడానికి కారణం ఉంది. ఏదైనా అనుభవాన్ని తరువాత తలచుకున్నప్పుడు, అందులోని అత్యంత తీవ్రమైన ఘట్టమూ చివరి ఘట్టమూ మిగతా అన్నిటికంటే ఎక్కువగా మన తీర్పును నిర్ణయిస్తాయని డేనియల్ కానమన్ వంటి మనస్తత్వ శాస్త్రవేత్తలు 1990ల నాటి ప్రయోగాల్లో చూపించారు. క్లైమాక్స్ బాగా కుదిరిన సినిమాలో మధ్యనున్న నలభై నిమిషాల సాగదీతను మనం ఇంటికి చేరేలోపే క్షమించేస్తాం. ముగింపు చెడిన సిరీస్‌నైతే, అంతకుముందు ఎన్ని రాత్రులు ఆనందంగా చూశామో మరిచిపోయి, మొత్తం దండగ అనేస్తాం.

ఇక రాతలోకి వస్తే, ప్రతి అభిప్రాయానికీ ఒక సన్నివేశాన్ని సాక్ష్యంగా నిలబెట్టడం అన్నిటికంటే ముఖ్యమైన అలవాటు. 'సెకండ్ హాఫ్ లాగ్ అయింది' అన్న వాక్యాన్ని తీసుకుందాం. ఎందుకు లాగ్ అయిందని మనల్ని మనం ప్రశ్నించుకుంటే జవాబు సాధారణంగా చాలా నిర్దిష్టంగా ఉంటుంది. ఉదాహరణకు ఒక నేరపరిశోధన కథలో హంతకుడెవరో ప్రేక్షకుడికి అప్పటికే తెలిసిపోయి, పోలీసు అధికారికి మాత్రం తెలియనప్పుడు, ఆయన తప్పు మనుషులను ఒకరి తరువాత ఒకరిని విచారిస్తున్నంతసేపూ మనకు కొత్త సంగతి ఏదీ అందదు, ఆయనకు ప్రమాదమూ కనిపించదు, కాబట్టి మనం ఎదురుచూడడం తప్ప చేయగలిగింది ఉండదు. ఇలా రాస్తే పాఠకుడికి లాగ్ ఎక్కడ ఉందో, ఎందుకు ఉందో తెలియడమే కాక, అలాంటి నిదానాన్ని ఇష్టపడే వ్యక్తికి ఇది తనకు నచ్చే సినిమా కావచ్చునన్న సంగతి కూడా అర్థమవుతుంది. మనకు నచ్చలేదని రాసిన మాటలే మరొకరిని ఆ సినిమా దగ్గరకు చేర్చడం మంచి అభిప్రాయానికి గుర్తు.

మెప్పునైనా నిందనైనా ఎవరి ఖాతాలో వేస్తున్నామో ఒక్క క్షణం ఆగి చూసుకోవాలి. సుమారు వందేళ్ల క్రితం రష్యన్ దర్శకుడు లెవ్ కులెషోవ్ ఒక నటుడి ముఖాన్ని, ఏ భావమూ లేని ఒకే షాట్‌ను, ఒకసారి సూపు గిన్నె పక్కన, మరొకసారి శవపేటిక పక్కన, ఇంకొకసారి ఒక స్త్రీ పక్కన అతికించి చూపించగా, ప్రేక్షకులు ఆ నటుడు ఆకలిని, దుఃఖాన్ని, కోరికను అద్భుతంగా పలికించాడని మెచ్చుకున్నారని చెబుతారు. మనం 'కళ్లతోనే నటించేశాడు' అని రాసే చాలా సందర్భాల్లో ఆ పని సగం ఎడిటింగ్ చేసిందే. డబ్బింగ్‌లో చూసిన సినిమాలో నటన గురించి తీర్పు చెప్పడం ఇంకా చిక్కు, ఎందుకంటే మనం విన్న గొంతు తెర మీద కనిపించిన మనిషిది కాదు. ఏ భాషలో చూశామో, సబ్‌టైటిల్స్‌తో చూశామో లేదో ఒక్క మాటలో చెప్పేస్తే సరిపోతుంది. స్క్రీన్‌ప్లే తప్పో దర్శకత్వం తప్పో తేల్చుకోలేనప్పుడు ఎవరి పేరూ ఎత్తకుండా 'ఈ సన్నివేశం నన్ను నమ్మించలేకపోయింది' అనడమే నిజాయితీ. తెలిసీ తెలియని సాంకేతిక పదాలు వాడడం కంటే అది ఎంతో మేలు.

ఎలా చూశామన్నది కూడా అభిప్రాయంలో భాగమే. సినిమాలను సాధారణంగా సెకనుకు 24 ఫ్రేముల చొప్పున తీస్తారు. చాలా టీవీలు వాటి మధ్య లేని ఫ్రేములను తామే కల్పించి చేర్చి కదలికను నున్నగా చేస్తాయి, దాంతో కోట్లు పెట్టి తీసిన సినిమా కూడా స్టూడియోలో తీసిన సీరియల్‌లా కనిపిస్తుంది. ఆ సెట్టింగును ఆపేయమని నటుడు టామ్ క్రూజ్ 2018లో ఒక వీడియో ద్వారా ప్రేక్షకులను ప్రత్యేకంగా కోరాడు. 'ఫొటోగ్రఫీ చవకబారుగా ఉంది' అని రాసేముందు మన టీవీలో ఆ సెట్టింగు ఎలా ఉందో చూసుకోవడం న్యాయం. మాటలు సరిగా వినపడలేదన్న ఫిర్యాదుకూ ఇదే వర్తిస్తుంది: థియేటరులోని అనేక స్పీకర్ల కోసం కలిపిన శబ్దం టీవీలోని రెండు చిన్న స్పీకర్లలోకి కుదించుకున్నప్పుడు సంభాషణ నేపథ్య సంగీతం కింద నలిగిపోతుంది. ఫోను చూసుకుంటూ సగం చూసిన సినిమానైతే, ఆ మాట ఒప్పుకుని రాయాలి, లేదా రాయడం మానుకోవాలి.

సిరీస్‌ల విషయంలో ఒక చిన్న నియమం పెట్టుకుంటే చాలా తగువులు తప్పుతాయి. ఎన్ని ఎపిసోడ్లు చూశామో మొదటి వాక్యంలోనే చెప్పాలి. మూడు ఎపిసోడ్లు చూసి ఆపేయడం నేరం కాదు, ఆపేయడం కూడా ఒక అభిప్రాయమే. కాని మూడు చూసి ముప్పైకి తీర్పు చెప్పకూడదు. 'సైన్‌ఫెల్డ్' అనే అమెరికన్ హాస్య సిరీస్ 1989లో మొదలైనప్పుడు, నమూనాగా తీసిన మొదటి (పైలట్) ఎపిసోడ్‌కు పరీక్ష ప్రదర్శనల్లో వచ్చిన స్పందన బలహీనంగా ఉంది, మొదటి సీజన్ అయిదు ఎపిసోడ్లకే పరిమితమైంది. అదే సిరీస్ 1998లో ముగిసేనాటికి ఆ దేశంలో అత్యధికులు చూస్తున్న కార్యక్రమంగా నిలిచింది. అలాగని 'నాలుగో సీజన్ నుంచి బాగుంటుంది, ఓపిక పట్టండి' అని సలహా ఇచ్చేవారంటే నాకు కొంత భయం. ముప్పై గంటల ఓపికను అంత తేలికగా అడగకూడదు. వారానికొక ఎపిసోడ్ చొప్పున చూశామా, ఒకే రాత్రి అన్నీ చూశామా అన్నది కూడా చెప్పదగిన సంగతి, ఎందుకంటే వారం విడిచి చూసినప్పుడు పాత సంగతిని అవసరంగా గుర్తుచేస్తున్నట్టు అనిపించే సంభాషణే వరుసగా చూసినప్పుడు చెప్పిందే చెప్పినట్టు చిరాకు పుట్టిస్తుంది.

నచ్చడమూ, బాగుండడమూ రెండు వేరు సంగతులు. దయ్యాల సినిమాలంటే మొదటి నుంచీ పడనివారు ఆ మాట ముందే చెప్పుకుంటే, వారి విమర్శకు విలువ తగ్గదు సరికదా పెరుగుతుంది. అభిమాన నటుడి సినిమా గురించి రాసేటప్పుడు ఈ ఒప్పుకోలు మరింత అవసరం. నా మటుకు నేను, నచ్చి తీరాల్సిన సినిమా నచ్చనప్పుడు ఒక వాక్యం ఇలా రాసుకుంటాను: ఇది బాగా తీసిన సినిమాయే, నేను మాత్రం బయటే నిలబడిపోయాను. ఆ తరువాత బయట ఎందుకు నిలబడిపోయానో వెతకడం మొదలుపెడితే, చాలాసార్లు అసలు చెప్పవలసిన విషయం అక్కడే దొరుకుతుంది.

నక్షత్రాలు, మార్కులు వేయాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిది, కాని అంకె వెనుక ఏముందో తెలుసుకుని వేయాలి. సమీక్షలను ఒకచోట చేర్చే వెబ్‌సైటు రాటెన్ టొమాటోస్‌లో కనిపించే శాతం సినిమాకు వచ్చిన మార్కుల సగటు కాదు, సమీక్షకుల్లో ఎంతమంది అనుకూలంగా రాశారన్న లెక్క. అందరూ 'పరవాలేదు' అన్న సినిమాకు నూటికి నూరు రావచ్చు, సగం మందిని వెర్రెత్తించి మిగతా సగాన్ని మండించిన గొప్ప సినిమా యాభై దగ్గరే ఆగిపోవచ్చు. అలాంటిదే మరో వెబ్‌సైటు మెటాక్రిటిక్ లెక్క వేరు, అది సమీక్షల మార్కులకు వెయిటేజీ ఇచ్చి సగటు కడుతుంది. మన సొంత జాబితాలో గంభీరమైన కుటుంబ కథకూ, తేలికపాటి హాస్యానికీ పక్కపక్కనే మూడున్నర వేస్తే, ఆ రెండు మూడున్నరల అర్థం ఒకటి కాదని ఒక వాక్యంలోనైనా చెప్పాలి.

అన్నిటికీ సమానంగా చోటు ఇవ్వనక్కరలేదు. రెండు వాక్యాలతో తేలిపోయే సినిమాకు రెండు వాక్యాలే చాలు, మనసులో మెదులుతూ ఉన్నదానికి రెండు పేజీలైనా తప్పు లేదు.

కథ బయటపెట్టడం గురించి: 2011లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియేగోలో జరిగిన ఒక అధ్యయనంలో, ముగింపు ముందే తెలిసినవారు కొన్ని చిన్న కథలను మరింత ఆనందించినట్టు తేలింది. దీన్ని సాకుగా చూపి ట్విస్టు చెప్పేసేవారున్నారు. ముందే తెలుసుకోవాలో వద్దో నిర్ణయించుకునే హక్కు చూడబోయేవారిది, చూసేసినవారిది కాదు. చెప్పక తప్పని చోట హెచ్చరిక పెట్టి విడిగా రాయాలి, మిగతా చోట్ల మొదటి అరగంటలో జరిగినవాటి నుంచే ఉదాహరణలు ఎంచుకోవాలి. హెచ్చరిక పెట్టకుండా 'చివర్లో ఊహించని మలుపు ఉంది' అనడం కూడా సగం చెప్పేసినట్టే. ఆ మాట చదివిన ప్రేక్షకుడు ప్రతి పాత్రనూ అనుమానిస్తూ కూర్చుంటాడు.

చివరగా, రాసినదాని కింద తేదీ వేయాలి. దర్శకుడు ఆల్ఫ్రెడ్ హిచ్‌కాక్ 1958లో తీసిన 'వర్టిగో'కు అప్పట్లో మిశ్రమ స్పందనే లభించింది. బ్రిటన్‌కు చెందిన 'సైట్ అండ్ సౌండ్' పత్రిక పదేళ్లకొకసారి విమర్శకులను అడిగి తయారుచేసే గొప్ప సినిమాల జాబితాలో మొదటి పదింట అది 1982లో గాని చోటు సంపాదించలేదు, 2012లో మాత్రం మొదటి స్థానానికి చేరింది, 2022లో మళ్లీ ఆ స్థానం కోల్పోయింది. సినిమాలో ఒక్క ఫ్రేమూ మారలేదు, చూసేవారు మారారు. కొన్నేళ్ల తరువాత మళ్లీ చూసినప్పుడు మన అభిప్రాయం తలకిందులైతే పాతదాన్ని చెరిపేయకుండా అలాగే ఉంచి, దాని కిందే కొత్త తేదీతో కొత్త మాట రాయాలి. మొదటిసారి ఏ సన్నివేశాన్ని సాక్ష్యంగా చూపించామో, ఈసారి అదే సన్నివేశం ఎలా కనిపించిందో అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.