చిల్లర దగ్గర పెట్టుకోండి: మారిషస్ వెళ్లేవాళ్లకు

నల్లగొండ డిపోలో ఇరవై ఎనిమిదేళ్లు కండక్టర్‌గా చేసి రిటైరయ్యాను. పిల్లలు టికెట్లు కొనిచ్చి మా ఇద్దర్నీ మారిషస్ పంపారు. తిరిగొచ్చినప్పటి నుంచి చుట్టాలు "ఎట్లుంటది, ఏం తీస్కపోవాలె" అని అడుగుతూనే ఉన్నారు. అందుకే రాసి పెడుతున్నా.

మన పాస్‌పోర్టుకు ముందుగా వీసా తీసుకునే పనిలేదు. రిటర్న్ టికెట్టు, హోటల్ బుకింగ్ కాగితం మాత్రం చేతిలో ఉండాలి. బయల్దేరే ముందే ఆన్‌లైన్‌లో ప్రయాణికుల ఫారం నింపాలి. ఆ పని పిల్లలకు అప్పజెప్పండి. నిద్రమాత్రలు వాడేవాళ్లు డాక్టరు చీటీతో సరిపెట్టుకోకుండా, ముందే అనుమతి కావాలేమో కనుక్కోవాలి. మా ఆవిడ సంచిలో చెట్ల విత్తనాలు, జామపండ్లు పెట్టబోతే ఆపాను. అనుమతి లేకుండా అవి దేశంలోకి రానివ్వరు.

దిగాక గడియారం గంటన్నర వెనక్కి తిప్పుకోండి. ఫోన్ చార్జర్ మన ప్లగ్గుతో పనిచేయదు. బ్రిటిష్ వాళ్ల చదరపు మూడు పుల్లల ప్లగ్గు అక్కడిది. అడాప్టర్ ఇక్కడే కొనండి.

వాళ్ల డబ్బు పేరు కూడా రూపాయే, కానీ దాని విలువ సుమారు మన రెండు రూపాయలు. ధర చెప్పగానే మన రూపాయి అనుకుని ఖర్చు పెడితే, సాయంత్రం లెక్క చూసుకున్నాక గుండె గుభేల్‌మంటుంది.

ఇక నా సబ్జెక్టు, బస్సులు. దీవి పొడవు 65 కిలోమీటర్లు, అంటే నల్లగొండ నుంచి హైదరాబాద్ దూరం కూడా లేదు. దేశం మొత్తం కలిపినా మా జిల్లాలో మూడో వంతు రాదు. కాబట్టి ప్యాకేజీ కారు లేకపోయినా చాలావరకు బస్సుల్లోనే తిరగొచ్చు. రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఉత్తరం వైపు పోయే బస్సులు ఇమిగ్రేషన్ స్క్వేర్ నుంచి, దక్షిణం వైపువి విక్టోరియా నుంచి. క్యూర్‌పీప్ దాకా మెట్రో ఉంది. ఆ ఊరు ఎత్తు మీద ఉంటుంది, చినుకులు పడుతూనే ఉంటాయి, గొడుగు మరవద్దు.

బస్సులో కండక్టరే వచ్చి టికెట్ ఇస్తాడు. పెద్ద నోటు తీశారంటే అతని ముఖం చూడండి, ఆ ముఖం నేను ఇరవై ఎనిమిదేళ్లు పెట్టుకున్నదే! చిల్లర దగ్గర పెట్టుకోండి. దిగేదాకా టికెట్ పారేయకండి, చెకింగ్ ఉంటుంది. పల్లెల్లో సాయంత్రం ఆరు దాటితే బస్సును నమ్ముకోవద్దు. ఈ ముక్క తెలియక గ్రాండ్ బే దగ్గర చివరి బస్సు పోగొట్టుకున్నది ఎవరో కాదు, ఈ రిటైర్డ్ కండక్టరే. టాక్సీవాడు మీటర్ వేయలేదు, నేను ముందు ధర అడగలేదు. మా ఆవిడ ఇప్పటికీ అది ఎత్తిపొడుస్తూనే ఉంటుంది.

వెళ్లడానికి మే నుంచి అక్టోబర్ మంచి కాలం, అప్పుడక్కడ చలికాలం. నవంబర్ నుంచి ఏప్రిల్ దాకా తుఫాన్ల భయం. హెచ్చరిక మూడో క్లాసుకు వచ్చిందంటే గది దాటి కదలొద్దు. సముద్రంలో దిగేటప్పుడు కాళ్లకు రబ్బరు చెప్పులు ఉండాలి. రాయిలా కనిపించే విషపు చేప, ముళ్ల ప్రాణులు అడుగునే ఉంటాయి.

తిండికి బెంగ అక్కర్లేదు. రోడ్డు పక్కన దొరికే ధోల్ పూరీ అంటే తీపి లేని మన పోలెనే, లోపల పప్పు, పైన కూర. గాతో పిమా అంటే పప్పు గారె. పక్కనిచ్చే మిరప పచ్చడి మాత్రం నాలుక మీద పెట్టి చూశాకే వడ్డించుకోండి.

ఇమిగ్రేషన్ స్క్వేర్ పక్కనే ఆప్రవాసీ ఘాట్ ఉంది. చెరుకు తోటల్లో పనికి, ఎక్కువగా మన దేశం నుంచే, ఒప్పందం మీద వచ్చిన కూలీలు ఓడ దిగి ఎక్కిన మెట్లు పదహారు, ఇంకా ఉన్నాయి. 1834 నుంచి 1920 దాకా సుమారు అయిదు లక్షల మంది వచ్చారట. అందులో మన తెలుగువాళ్లను కోరంగి రేవు పేరుతో కోరంగీలు అన్నారు. ఇప్పుడు ఉగాదికి ఆ దేశమంతా సెలవు. మేం మెట్లు చూసి ఉత్తరం బస్సెక్కితే, మా మాటలు విని పక్క సీటామె "తెలుగు?" అని తన గుండె మీద చెయ్యి పెట్టుకుంది. అంతకుమించి ఆమెకు తెలుగు రాదు, మాకు వాళ్ల క్రియోల్ భాష రాదు. దిగేటప్పుడు మా సంచి ఆమే మోసింది.