అపరాలలో జన్యుమార్పిడి, 5వ పాఠం: బ్యాండు వచ్చింది సరే, జన్యువు వచ్చిందా?

ఈసారి, ఎక్కించిన జన్యువు మొక్క డీఎన్‌ఏలో నిజంగా కలిసిందో లేదో చూసే సదరన్ పరీక్ష చెప్పాలి. కానీ గత పాఠం తర్వాత వచ్చిన ఉత్తరాలన్నిటిదీ ఒకటే గోడు: బొబ్బర బీజదళ కనుపు నుంచి చిగుళ్లు వచ్చాయి, జన్యువు అందని కణాలను చంపే మందు కానమైసిన్‌లో పచ్చగా నిలిచాయి, కోరిన డీఎన్‌ఏ ముక్కకు నకళ్లు తీసే పీసీఆర్‌లో బ్యాండూ (జెల్‌పై గీత) వచ్చింది, తీరా విత్తనం వేస్తే ఒక్క మొక్కలోనూ జన్యువు లేదు. సదరన్ వచ్చేసారికి వాయిదా.

డీఎన్‌ఏ తీయడం, జెల్ పోయడం మీకు వచ్చినవే, వదిలేస్తున్నాను.

పచ్చదనం సాక్ష్యం కాదు. జన్యువు అందని కణాలు అందిన వాటి చాటున బతికేస్తాయి. అలాగని కానమైసిన్‌ను తీసిపారేయకండి. 2019లో నైజీరియా సాగుకు అనుమతించిన, మరూకా పురుగును తట్టుకునే బొబ్బరలో పురుగును చంపే క్రై1ఏబీ జన్యువుతో పాటు ఉన్నది కానమైసిన్ నిరోధక జన్యువే.

ఇక నాకు చిరాకు తెప్పించే సంగతి. బాక్టీరియా మందు సెఫోటాక్సిమ్ వేశాం కనుక, జన్యువును మొక్కలోకి మోసుకెళ్లిన బాక్టీరియా ఆగ్రోబాక్టీరియం చచ్చిందనుకుంటారు. చాలాసార్లు చావదు, అణిగి ఉంటుంది. కణాల మధ్య సందుల్లో వారాల తరబడి దాక్కుంటుంది. మీరు ఎక్కించిన జన్యువు దాని ప్లాస్మిడ్‌లోనూ (గుండ్రటి చిన్న డీఎన్‌ఏలోనూ) ఉంది. ఆకు నూరితే అదీ నలుగుతుంది. పీసీఆర్‌కు మొక్క డీఎన్‌ఏ, బాక్టీరియా డీఎన్‌ఏ అనే తేడా తెలియదు.

అందుకే అదే నమూనాలో బాక్టీరియా సొంత జన్యువైన విర్‌-జికీ పీసీఆర్ చేయండి. అది మొక్కలోకి వెళ్లే ముక్క, అంటే టీ-డీఎన్‌ఏ, సరిహద్దులకు బయట ఉంటుంది కనుక మొక్కలోకి రాకూడదు. విర్‌-జి కనిపిస్తే బాక్టీరియా ఇంకా ఉన్నట్టే, ఆ ఫలితాన్ని పక్కన పెట్టండి. కనిపించకపోతే ఒక అనుమానం తగ్గింది, అంతే. శుద్ధ బాక్టీరియా డీఎన్‌ఏతో ఒక గొట్టం పక్కన తప్పక నడపండి; అందులోనూ విర్‌-జి రాకపోతే తప్పు ప్రైమర్లదో (పీసీఆర్‌ను మొదలుపెట్టే చిన్న డీఎన్‌ఏ ముక్కలదో), మిశ్రమానిదో. నీలిరంగు ఇచ్చే గుర్తు జన్యువు గస్ వాడేవారు ఇంట్రాన్ (జన్యువు మధ్యలో ఉండి, మొక్క కణం కత్తిరించి తీసేసే ముక్క) ఉన్నదే వాడండి. బాక్టీరియా ఇంట్రాన్‌ను కత్తిరించలేదు కనుక ఆ గస్ నుంచి దానికి నీలిరంగు రాదు. ఇంట్రాన్ లేని గస్‌ను నేనైతే గుమ్మం తొక్కనివ్వను.

విర్‌-జి లేకున్నా విత్తనంలో జన్యువు రాకపోతే కైమెరాను, అంటే జన్యువు ఉన్న కణాలూ లేని కణాలూ కలిసిన మొక్కను, అనుమానించండి. ఒక్కో చిగురు పలు కణాల నుంచి పుడుతుంది. ఒక కొమ్మకు జన్యువు ఉండి, పక్కదానికి లేకపోవచ్చు. ఏ కొమ్మ విత్తనాలను ఆ కొమ్మవిగానే విడిగా దాచండి.

అభ్యాసం: ఒకే మొక్క సంతానంలో జన్యువు ఉన్నవి 22, లేనివి 18. జన్యువు ఒకే చోట చేరితే రావలసిన 3:1 నిష్పత్తికి కై-వర్గ విలువ (లెక్కకూ అంచనాకూ ఉన్న తేడా కొలత) కట్టి, 3.84తో పోల్చండి; అది దాటితే నిష్పత్తి కుదరనట్టే. తర్వాత కొమ్మలవారీ లెక్క చూడండి: మొదటిది 15:5, రెండోది 7:3, మూడోది 0:10. మూడో కొమ్మను తీసేసి మళ్లీ కట్టండి. ఏ కొమ్మల విత్తనాలను ముందుకు తీసుకెళ్తారో, ఎందుకో రాసి పెట్టుకోండి. సదరన్‌కు డీఎన్‌ఏ వాటి నుంచే తీస్తాం.