వాక్యం చివరి మాట మింగకండి: వేదికెక్కే వాళ్లకి కొన్ని మెళకువలు

తెలుగులో అవునో కాదో తేలేది వాక్యం చివరే. "ఈ చెరువు పూడ్చాలి", "ఈ చెరువు పూడ్చకూడదు". రెంటికీ తేడా ఆఖరి మాటలోనే ఉంది. చాలామందికి సరిగ్గా అక్కడికొచ్చేసరికి ఊపిరి అయిపోతుంది, గొంతు జారిపోతుంది, కళ్లు కాగితం మీదికి దిగిపోతాయి. వెనక వరసల వాళ్లకి చెరువు అన్నది వినబడుతుంది గానీ దాన్నేం చెయ్యమన్నారో వినబడదు. రెండుమూడుసార్లు అలా అయ్యాక ఫోన్లు తీస్తారు. ఉపన్యాసం చప్పగా సాగిందంటే చాలాసార్లు విషయం తప్పు కాదు, ఇదే తప్పు. కాబట్టి సాధన ఇక్కణ్ణించే మొదలుపెట్టండి.

ముందు రాసుకున్న వాక్యాన్ని విరగ్గొట్టాలి. "నగరంలో వాడి పారేసిన ప్లాస్టిక్ సీసాలు వర్షాకాలంలో గెడ్డల ద్వారా సముద్రంలోకి చేరి చేపల వేటపై ఆధారపడిన కుటుంబాలకు నష్టం కలిగిస్తున్నాయి" అన్నది కాగితం మీద బాగానే ఉంటుంది. నోటితో అంటే మధ్యలోనే ఊపిరి చాలదు. దాన్నే ఇలా అనండి: "వీధిలో ఒక నీళ్ల సీసా పారేశాం. వానొచ్చింది. గెడ్డ పొంగింది. సీసా సముద్రంలో కలిసింది. రేపు పెదజాలరిపేట వాళ్ల వలకి చేపతో పాటు అదీ తగులుతుంది." ప్రతి వాక్యానికీ ఒకే పని, ఒకే ఊపిరి. వినేవాళ్ల కళ్ల ముందు సీసా కదులుతుంది.

గొంతు సాధనకి మన విశాఖలో ఆర్కే బీచ్ ఉండనే ఉంది. పొద్దున్నే వెళ్లి మీ మిత్రుణ్ణి పది అడుగుల దూరంలో నిలబెట్టండి. మీరొక వాక్యం చెప్పాలి, ఆయన అందులో చివరి మాట మాత్రమే తిరిగి చెప్పాలి. చెప్పలేకపోతే మీరు దాన్ని మింగేసినట్టే. పది వాక్యాలకి తొమ్మిది అందాక దూరం ఇరవై అడుగులకి పెంచండి. అలల మీద అరవకండి, గొంతు రాసుకుపోతుంది. చివరి మాటకి ముందు అర క్షణం ఆగి, దాన్ని మొదటి మాటంత బలంగా పలికితే చాలు.

మాట ఎలా నిలుస్తుందో ఈ ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు. 1966 ఉద్యమంలో మోగిన "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" అన్న నినాదం చూడండి. నాలుగే మాటలు. రెండు ముక్కలూ "క్కు" దగ్గర గట్టిగా ఆగుతాయి, చివర జారిపోయే వీలే లేదు. మీ ప్రసంగంలోనూ జనం ఇంటికి పట్టుకెళ్లే వాక్యం ఒకటి ఇలా చెక్కుకోండి. ఒకటి చాలు. నాలుగైదుంటే ఏదీ గుర్తుండదు.

ఇక నిడివి. తెలుగు మాటలు పొడుగు కాబట్టి ఇంగ్లిష్ లెక్కలు పనికిరావు. నిమిషానికి తొంభై, వంద మాటలు అనుకుని రాయండి. అయిదు నిమిషాలకి 450 మించకూడదు. తర్వాత నిలబడి, గడియారం పెట్టుకుని, మూడుసార్లు పైకి చెప్పండి. కూర్చుని మనసులో చదివితే అయిదు నిమిషాలది మూడింటికే అయిపోయినట్టుంటుంది, వేదిక మీద ఏడవుతుంది. మొదటి రెండు వాక్యాలు, చివరి రెండు వాక్యాలు కంఠతా పట్టండి. మధ్యది పట్టొద్దు, ఒక మాట మరిస్తే మొత్తం ఆగిపోతుంది.

"వేదికనలంకరించిన" అంటూ పేరుపేరునా పిలిస్తే ఒకటిన్నర నిమిషం పోతుంది, పైగా ఒక పేరు తప్పిపోతుంది. అధ్యక్షుల్ని, ముఖ్య అతిథిని పిలిచి, "పెద్దలందరికీ, సభకీ నమస్కారం" అని నేరుగా విషయంలోకి రండి. మర్యాదకేం లోటు రాదు. మన ఉత్తరాంధ్ర యాసని దాచుకోవాలనీ చూడకండి. దాచుకునే పనిలో పడితే మాట బిగుసుకుపోతుంది.

"అంటే", "అన్నమాట", "సో" ఎక్కడెక్కడ దొర్లుతున్నాయో ఫోన్‌లో రికార్డు చేసి లెక్కపెట్టండి. అవి వచ్చేది తర్వాతి మాట వెతుక్కునేటప్పుడు. ఆ చోట నోరు మూసి ముక్కుతో గాలి పీల్చండి. మీకు యుగంలా అనిపించే ఆ విరామం వినేవాళ్లకి ఆలోచించుకునే సమయం.

మైకు నోటికి బెత్తెడు దూరంలో, గడ్డం వైపు కొంచెం దించి ఉండాలి. నోటికెదురుగా పెడితే ప, బ, భ పలికినప్పుడల్లా గాలి తగిలి ఢబ్బుమంటుంది. జాలీని గుప్పిటితో మూసినా, స్పీకర్ బాక్సుల ముందుకి నడిచినా కూత పెడుతుంది. కల్యాణ మండపాల్లో నేల టైల్సు, గోడలు బోసి, అందుకే శబ్దం తిరిగొచ్చి మీ తర్వాతి మాట మీద పడుతుంది. అక్కడ గొంతు పెంచితే ప్రతిధ్వనీ పెరుగుతుంది. వేగం తగ్గించండి. అరగంట ముందే వెళ్లి, చివరి వరసలో ఒకరిని కూర్చోబెట్టి రెండు వాక్యాలు చెప్పి చూసుకోండి.

విశాఖ ఉక్కపోతని తక్కువ అంచనా వెయ్యకండి. చెమట చేతికి ఇంకు పెన్ను అక్షరాలు అలుక్కుపోతాయి, ఫ్యాను గాలికి పల్చటి కాగితాలు ఎగిరిపోతాయి. పోస్టుకార్డంత మందపాటి అట్టలు తీసుకుని, బాల్‌పెన్నుతో ఒక్కో దాని మీద మూడు నాలుగు మాటలే పెద్దగా రాసి, మూలన నంబర్లు వెయ్యండి. తాగడానికి మామూలు నీళ్లు పక్కన పెట్టుకోండి.

గుండె దడ అందరికీ ఉంటుంది. పిలుపు రాకముందే నాలుగు లెక్కపెట్టేంతసేపు పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. అయిదుసార్లు చాలు. లేచాక పాదాలు అడుగు ఎడంగా పెట్టి నిలబడండి, కాళ్ల వణుకు తగ్గుతుంది. ఒక ముఖం చూస్తూ ఒక వాక్యం పూర్తిగా చెప్పి, ఆ తర్వాతే చూపు మార్చండి. చివరి మాట కాగితానికి కాకుండా మనిషికి చేరుతుంది.

ఎవరైనా ప్రశ్న అడిగితే ముందు దాన్ని మైకులో తిరిగి చెప్పండి, ఎందుకంటే అడిగిన మాట వెనకవాళ్లకి వినబడి ఉండదు. తర్వాత "అవును" అనో "కాదు" అనో మొదట చెప్పేసి, కారణం ఆ వెనక చెప్పండి.