కార్చిచ్చు ఆరిన అడవికి వెళ్తున్నారా?

కార్చిచ్చు తర్వాత పార్కును మళ్లీ తెరిచారంటే ప్రమాదం పోయిందని కాదు, కొన్ని దారులు నడవడానికి పనికొస్తాయని మాత్రమే. ఏవి తెరిచారో, ఏవి మూశారో వెళ్లే రోజు పొద్దున్నే కనుక్కోండి. పాత మ్యాపును నమ్ముకోవద్దు. చెక్క వంతెనలు, మెట్లు, దారి చూపే బోర్డులు కాలిపోయి ఉండొచ్చు.

అన్నిటికన్నా నాకు భయం నిలబడి ఉన్న చెట్లంటేనే. పైన పచ్చటి ఆకు కనిపిస్తున్నా కింద వేళ్లు కాలి, మొదలు డొల్లగా మారి ఉండొచ్చు. అలాంటి చెట్టు కూలడానికి గాలి కూడా అక్కర్లేదు. వేళ్లు కుళ్లేకొద్దీ, మంటలు ఆరిన ఏళ్ల తర్వాత కూడా ఇవి పడుతూనే ఉంటాయి. అందుకే నడుస్తూ అప్పుడప్పుడూ తలెత్తి చూడండి, విరిగిన కొమ్మలు పైన చిక్కుకుని వేలాడుతుంటాయి. కూర్చోవాలన్నా, టెంట్ వేయాలన్నా దగ్గర్లోని చెట్టు ఎత్తుకు కనీసం ఒకటిన్నర రెట్లు దూరం జరగండి. గాలి మొదలైందా, ఇంకొక్క ఫొటో అంటూ ఆగొద్దు, బయటికి వచ్చేయండి.

కాలి కింద నేలదీ ఇదే కథ. మొద్దులు, వేళ్లు లోపలే కాలిపోయిన చోట గుంత మిగులుతుంది, దాని మీద పల్చటి మట్టి పొర ఉంటుంది. కాలు పెడితే మోకాలి దాకా దిగిపోతుంది. మంటలు ఆరి ఎన్నాళ్లో కాకపోతే లోపల నిప్పు కూడా ఉండొచ్చు. తెల్లటి బూడిద కనిపించిన చోట అసలు అడుగు పెట్టొద్దు. పిల్లల చెయ్యి వదలొద్దు.

దారి పక్కన కాలిన మట్టి మీద సీసాలోంచి నాలుగు చుక్కలు వేసి చూడండి. చాలాచోట్ల తామరాకు మీద నీళ్లలా అలాగే నిలుస్తాయి. ఆకులు, చెత్త కాలినప్పుడు వచ్చిన మైనం లాంటి ఆవిరి మట్టిలోకి దిగి గడ్డకట్టడమే కారణం. ఇక వాన ఎలా ఇంకుతుంది? బురద, బండలు, కాలిన దుంగలు కలిసి ఒక్కసారిగా కిందికి వస్తాయి. కాలిఫోర్నియాలోని మాంటెసిటోలో జరిగింది ఇదే. 2017 డిసెంబరులో పైకొండలు కాలాయి, 2018 జనవరి 9న కురిసిన వానకు బురద ఊరి మీద పడి 23 మంది చనిపోయారు. వాన సూచన ఉంటే ప్రయాణం మానుకోండి. అక్కడికి వెళ్లాక మబ్బు పడితే వాగులకు, పల్లపు దారులకు దూరంగా ఉండండి.

బూడిద లేచే చోట ఎన్-95 మాస్క్ పెట్టుకోండి. ఆస్తమా ఉన్నవాళ్లు ప్రయాణం వాయిదా వేసుకోవడమే మంచిది. నీడ ఉండదు, వాగు నీళ్లు తాగడానికి పనికిరావు, కాబట్టి మామూలు కన్నా ఎక్కువ నీళ్లు మోసుకెళ్లాలి.

మరో జాగ్రత్త మన కోసం కాదు, అడవి కోసం. 1988లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో మూడో వంతుకు పైగా మంటల బారిన పడింది. అక్కడి లాడ్జ్‌పోల్ పైన్ చెట్లలో కొన్నిటి కాయలు జిగురుతో మూసుకుని ఉంటాయి. ఆ వేడికే విచ్చుకుని విత్తనాలు రాల్చాయి, కొత్త అడవి చాలాచోట్ల వాటి నుంచే లేచింది. ఇలాంటి మొలక మొదట్లో చిటికెన వేలంత కూడా ఉండదు, నల్లటి బూడిదలో కంటికి ఆనదు. దారి దిగి నాలుగడుగులు వేస్తే ఎన్నిటిని తొక్కామో మనకే తెలియదు. బూట్ల అడుగున అంటుకున్న కలుపు గింజలు ఖాళీ నేలలో ఇట్టే పాతుకుపోతాయి. ఇంటి దగ్గర బయల్దేరేటప్పుడే అడుగులు బ్రష్‌తో శుభ్రంగా దులుపుకోండి.