కథా నిర్మాణాన్ని విడదీసి చూడటం ఎలా? ‘దిద్దుబాటు’తో ఒక అభ్యాసం

కథలో ఏం జరిగిందో చెప్పడం వేరు, జరిగినవాటిని రచయిత ఏ వరసలో పేర్చాడో, ఎందుకలా పేర్చాడో చెప్పడం వేరు. ఈ రెండోది నేర్చుకోవడానికి గురజాడ అప్పారావు 1910లో రాసిన ‘దిద్దుబాటు’ చాలా అనువైన కథ. చిన్నది, ఒక్క రాత్రిలో నడుస్తుంది. చదవనివాళ్లు ముందు అది చదివి రండి. ఇక్కడ ముగింపు కూడా చెప్పక తప్పదు.

మొదటిసారి గీతలేవీ గీయకుండా చదవండి. రెండోసారి ఒక్కో సంఘటనకు ఒక్కో వాక్యం రాయండి: గోపాలరావు అర్ధరాత్రి దాటాక ఇంటికొచ్చాడు, భార్య కమలిని కనిపించలేదు, ఆమె రాసిన ఉత్తరం దొరికింది... ఇంత కథకు పది పన్నెండు వాక్యాలు చాలు. ఇరవై దాటాయంటే వర్ణనల్ని కూడా సంఘటనల్లో కలిపేశారన్నమాట.

ఇప్పుడు అవే వాక్యాల్ని కాలక్రమంలో మార్చి రాయండి. గోపాలరావు సానుల ఆటపాటలకు వెళ్లడం, మీటింగులని ఇంట్లో అబద్ధమాడటం, కమలినికి నిజం తెలియడం అన్నీ కథ మొదలయ్యేసరికే అయిపోయాయి. గురజాడ వాటిని వెనక్కి నెట్టి, తలుపు తీయమన్న కేకతో ఎత్తుకున్నాడు. దాంతో భార్య ఏమైందన్న ప్రశ్న ముందొచ్చింది, కారణం ఉత్తరం దాకా ఆగింది. రెండు జాబితాలూ ఎక్కడ తేడాపడ్డాయో అక్కడే రచయిత పనితనం ఉంటుంది.

తర్వాత ప్రతి రెండు వాక్యాల మధ్యా ‘అందువల్ల’ అని పెట్టి చూడండి. ‘ఆ తర్వాత’ తప్ప మరేదీ అతకకపోతే ఆ సంఘటన తీసేసి, కథ నిలబడుతుందేమో పరీక్షించండి. నౌకరు రాముడితో గోపాలరావు మాట్లాడే భాగం కేవలం హాస్యానికి పెట్టినట్టు కనిపిస్తుంది. తీసి చూడండి, ముగింపు కూలిపోతుంది. మంచం కింద దాక్కున్న కమలిని చెవిన భర్త పశ్చాత్తాపం పడేది ఆ మాటల్లోనే.

ఎక్కువమంది పొరబడేది పరాకాష్ఠ దగ్గర. మంచం కింది నుంచి వినిపించిన నవ్వే పరాకాష్ఠ అనేస్తారు. అది కొసమెరుపు. పాత్ర ఇక పాత దారికి వెళ్లలేని చోటు ఏది అని అడగండి: ఉత్తరం చదివి గోపాలరావు తన తప్పు ఒప్పుకునే చోటు. నవ్వు ఆ మార్పుకు దక్కిన ఫలం. పాఠకుణ్ణి ఆశ్చర్యపరిచే చోటూ, పాత్ర మారే చోటూ ఒకటే కానక్కర్లేదు.

నవలకైతే సంఘటనకు బదులు అధ్యాయానికో వాక్యం రాయండి. ఉపకథల్ని వేరే రంగు సిరాతో రాసి, అవి ప్రధాన కథను తాకే చోట్ల గుర్తు పెట్టండి. ఎక్కడా తాకని ఉపకథను మళ్లీ చదవండి: అది నిజంగానే అనవసరమా, లేక మీ జాబితాలో ఒక సంఘటన జారిపోయిందా అన్నది అప్పుడు తేలుతుంది.