మల్టీప్లేయర్ షూటర్‌కి డబ్బు పెట్టొచ్చా? కొనేముందు వేసుకోవాల్సిన లెక్క

ఒంటరిగా ఆడే గేమ్ కొంటే అందులో ఉన్నదంతా మీ చేతిలోనే ఉంటుంది. మల్టీప్లేయర్ షూటర్ సంగతి వేరు. మ్యాప్‌లు, తుపాకులు ఎంత బాగున్నా అవతల ఆడేవాళ్లు లేకపోతే అది ఖాళీ మైదానమే. అందుకే ధర ఎక్కువా తక్కువా అని చూసేముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది: మీరు ఆడే వేళకి, మీకు దగ్గర్లో ఉన్న సర్వర్‌లో, మీకు నచ్చే మోడ్‌లో మ్యాచ్ నిండుతుందా? కొనకముందే దీన్ని చాలావరకు కనుక్కోవచ్చు.

ఆడేవాళ్ల లెక్క

గేమ్ స్టీమ్‌లో (పీసీ గేమ్‌లు అమ్మే ఆన్‌లైన్ స్టోర్) ఉంటే స్టీమ్‌డీబీ సైట్‌లో దాని పేరు వెతకండి. ఇప్పుడు ఎంతమంది ఆడుతున్నారో గ్రాఫ్‌తో సహా కనిపిస్తుంది. అందరి చూపూ ముందు ‘ఆల్‌టైమ్ పీక్’ మీదికే, అంటే ఇప్పటిదాకా ఒకేసారి ఆడినవాళ్ల గరిష్ఠ సంఖ్య మీదికే పోతుంది. అది చాలాసార్లు విడుదలైన వారం జాతర, దాన్ని పట్టించుకోవద్దు. చూడాల్సినవి రెండే. మీరు రోజూ ఆడే గంటలో సంఖ్య ఎంత ఉంది? గత మూడు నెలల్లో అది ఎక్కడిదాకా పడి ఆగింది? మొదటి నెలలో సంఖ్య పడిపోవడం ఏ షూటర్‌కైనా మామూలే. పడ్డాక ఒకచోట నిలబడి, కొత్త సీజన్ (కొన్ని నెలలకోసారి వచ్చే కొత్త సరుకు విడత) వచ్చినప్పుడల్లా కాస్త లేస్తుంటే ఆ గేమ్ ఆరోగ్యంగా ఉన్నట్టే. సీజన్ సీజన్‌కీ ఆ లేచే ఎత్తు తగ్గుతూ వస్తుంటే మాత్రం కొనకండి, ఎంత డిస్కౌంట్ ఇచ్చినా.

సంఖ్య చూడగానే సరిపోదు, దాన్ని ముక్కలు చేసి చూడాలి. ఒక గేమ్‌లో 600 మంది ఆన్‌లైన్‌లో ఉన్నారనుకుందాం. ఐదు ప్రాంతాల సర్వర్లకు పంచితే మీ వంతుకు 120. మూడు మోడ్‌లుంటే ఒక్కోదానికి 40. ఆరుగురికి ఆరుగురు తలపడే ఆటలో ఇది మూడు మ్యాచ్‌లకు సరిపోతుంది, నలుగురు మిగులుతారు. పైగా ఆ 40 మందిలో చాలామంది ఇప్పటికే మ్యాచ్ మధ్యలో ఉంటారు. ఇక నైపుణ్యాన్ని బట్టి జత కలపడానికి మనుషులెక్కడ? అలాంటి చోట కొత్తవాళ్లను తీసుకెళ్లి వెయ్యి గంటలు ఆడినవాళ్ల ముందు పడేస్తుంది సిస్టమ్. తప్పు దానిది కాదు, ఎంచుకోవడానికి దానికి వేరే మనిషి దొరకడు. పబ్‌జీలాగా 100 మందితో మొదలై చివరిదాకా మిగిలినవాళ్లే గెలిచే బ్యాటిల్ రాయల్ అయితే 600 అసలు సంఖ్యే కాదు.

అదే 600 మంది కమ్యూనిటీ సర్వర్లున్న గేమ్‌లో ఉంటే కథ మారిపోతుంది. హెల్ లెట్ లూజ్, స్క్వాడ్ లాంటి వాటిలో ఆటగాళ్ల బృందాలే సర్వర్లు అద్దెకు తీసుకుని నడుపుతాయి. జనం చెదిరిపోకుండా నాలుగైదు సర్వర్లలో గుమిగూడతారు. వీటికి మరో సౌలభ్యం ఉంది. బ్యాటిల్‌మెట్రిక్స్ సైట్‌లో ఏ సర్వర్ ఏ దేశంలో ఉందో, అందులో ఇప్పుడెంతమంది ఉన్నారో గేమ్ కొనకుండానే చూడొచ్చు. వరసగా మూడు రోజులు మీరు ఆడే వేళకే చూడండి. దగ్గర్లో ఒక్క సర్వర్ రోజూ నిండుతున్నా చాలు.

కన్సోల్ సంఖ్యలు ఇలా బయటికి కనిపించవు. అందుకే అక్కడ క్రాస్‌ప్లే ఉందో లేదో ముందు చూడాలి. ఉంటే పీసీ జనం కూడా మీ లాబీలోకి (మ్యాచ్‌కి ముందు ఆటగాళ్లు చేరే చోటు) వస్తారు. అయితే మౌస్‌తో ఆడేవాళ్లతో కంట్రోలర్ పట్టుకుని పోటీపడాల్సి రావచ్చు. కొన్ని గేమ్‌లు ఇన్‌పుట్‌ని బట్టి లాబీలు విడదీస్తాయి, ఆ ఆప్షన్ ఉంటే మంచిది.

పింగ్ (మీ నుంచి సర్వర్‌కి సంకేతం వెళ్లి తిరిగొచ్చే సమయం) గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. 50 మిల్లీసెకన్ల లోపు హాయి, 100 దాటితే మూల మలుపులో ఎదురుపడ్డ ప్రతిసారీ నష్టం మీదే. గోడ చాటుకి వచ్చేశాక కూడా తూటా తగిలిందంటే కారణం ఎక్కువగా ఇదే. కొనేముందు సర్వర్లు ఏయే ప్రాంతాల్లో ఉన్నాయో చూసుకోండి.

పెట్టె మీది ధర, అసలు ఖర్చు

గంటకు ఎంత పడిందన్న లెక్క మంచిదే, కానీ దాన్ని చాలామంది తప్పుగా వేస్తారు. ధరను స్టీమ్ చూపించే గంటలతో భాగించి, ఎంత చవకో అని మురిసిపోతారు. ఆ గంటల్లో మెనూలో కూర్చున్నది, క్యూలో ఎదురుచూసింది, గేమ్ తెరిచిపెట్టి భోజనానికి వెళ్లింది అన్నీ కలిసే ఉంటాయి.

సరైన లెక్క ఇలా ఉంటుంది. గేమ్ ధర 100 అనుకోండి, ఏ దేశపు డబ్బయినా సరే. ప్లేస్టేషన్‌లో డబ్బిచ్చి కొన్న గేమ్‌ని ఆన్‌లైన్‌లో ఆడాలంటే పీఎస్ ప్లస్ సబ్‌స్క్రిప్షన్ తప్పనిసరి. ఉచిత గేమ్‌లకు అది అక్కర్లేదు. ఆ సబ్‌స్క్రిప్షన్‌లో ఈ గేమ్ వాటా 55 అని వేయండి. ఏడాదికి నాలుగు సీజన్లు, ఒక్కో బ్యాటిల్ పాస్ (ఆడుతూ లెవెళ్లు ఎక్కేకొద్దీ బహుమతులిచ్చే సీజన్ టికెట్) 15 చొప్పున 60. మొత్తం 215. వారానికి ఆరు గంటల చొప్పున 40 వారాలు ఆడితే 240 గంటలు. అందులో పావు వంతు క్యూ, మెనూ, లోడింగ్ కింద తీసేస్తే ఆడింది 180. గంటకు 1.2 దాకా పడింది, మంచి బేరమే. అదే మూడు వారాలకే విసుగొచ్చి ఆపేస్తే? 18 గంటలు. పాస్, సబ్‌స్క్రిప్షన్ పక్కనపెట్టి గేమ్ ధర ఒక్కటే చూసినా గంటకు 5.5 పైమాటే. అంటే బేరం బాగుందా లేదా అన్నది ధర కన్నా మీరు ఎన్ని వారాలు నిలబడతారన్న దాని మీదే ఆధారపడుతుంది. ఇంతకుముందు కొన్న రెండు షూటర్లను ఎన్ని వారాలు ఆడారో గుర్తు చేసుకుని ఆ సంఖ్యే ఇక్కడ వేయండి, ఆశపడే సంఖ్య కాదు.

ఖర్చు తడిసి మోపెడయ్యేది స్కిన్ల (పాత్రలకు, తుపాకులకు వేసే కొత్త రూపాలు) దగ్గర. గేమ్‌లోని కాయిన్ల ప్యాక్‌లు, స్కిన్ ధరలు సాధారణంగా ఒకదానికొకటి సరిపోవు. స్కిన్ 1,200 కాయిన్లు, ప్యాక్ మాత్రం 1,000. రెండు ప్యాక్‌లు కొంటే 800 మిగులుతాయి. ఆ మిగిలినవాటిని వాడుకోవాలన్న తపనే తర్వాతి ప్యాక్ కొనిపిస్తుంది. కాబట్టి ఆ స్కిన్ ధర 1,200 కాదు, రెండు ప్యాక్‌లకు మీ కార్డు నుంచి పోయిన మొత్తం. బ్యాటిల్ పాస్‌కి వేరే కిటుకుంది: చాలా గేమ్‌లలో ఎప్పుడు కొన్నా అప్పటిదాకా ఎక్కిన లెవెళ్ల బహుమతులన్నీ ఒకేసారి చేతికొస్తాయి. అలాంటి పాస్‌ని సీజన్ మొదట్లో కొనడం దండగ. చివరి వారం వరకు ఆగి, నిజంగా ఎంతదాకా వచ్చారో చూసి కొనండి.

డీలక్స్ ఎడిషన్ జోలికి పోవద్దు. రెండు మూడు రోజులు ముందుగా ఆడనివ్వడం, నాలుగు స్కిన్లు ఇవ్వడం తప్ప అందులో సాధారణంగా పెద్దగా ఏమీ ఉండదు. ఆ ముందు రోజుల్లో సర్వర్లు మొరాయించవచ్చు కూడా.

ఎన్నాళ్లు బతుకుతుంది

షూటర్లు రెండు రకాలుగా డబ్బుని బూడిద చేస్తాయి. ఒకటి, మూతపడటం. సోనీ విడుదల చేసిన కాంకర్డ్ 2024 ఆగస్టు 23న వచ్చి సెప్టెంబరు 6న ఆగిపోయింది. కొన్నవాళ్లకు డబ్బు తిరిగిచ్చారు, అందరూ అలా ఇస్తారన్న హామీ లేదు. రెండోది, మీరు కొన్నాక అదే గేమ్ ఉచితం కావడం. కౌంటర్ స్ట్రైక్: గ్లోబల్ అఫెన్సివ్ 2018 డిసెంబరులో, డెస్టినీ 2 2019 అక్టోబరులో, పబ్‌జీ 2022 జనవరిలో ఉచితమయ్యాయి. ఓవర్‌వాచ్ అయితే 2022 అక్టోబరులో మూతపడి, దాని స్థానంలోకి ఉచిత ఓవర్‌వాచ్ 2 వచ్చింది. గేమ్ పాతబడి, ఆదాయమంతా స్కిన్ల నుంచే వస్తున్నట్టు కనిపిస్తే పూర్తి ధర పెట్టకండి.

కాల్ ఆఫ్ డ్యూటీలాగా ఏటా కొత్త భాగం వచ్చే సిరీస్‌లో, విడుదలైన పదో నెలలో సగం ధరకి దొరికిందని కొనడం కూడా అంతే. రెండు నెలల్లో జనం కొత్త భాగానికి వెళ్లిపోతారు. కొంటే మొదటి రెండు మూడు నెలల్లో వచ్చే సేల్‌లో కొనాలి, లేదా కొత్తదాని కోసం ఆగాలి.

సొంతంగా సర్వర్ పెట్టుకునే వీలు, లేదా ఆఫ్‌లైన్‌లో బాట్లతో (కంప్యూటర్ నడిపే ఆటగాళ్లు) ఆడే వీలు ఉంటే దానికి మార్కులు ఎక్కువ వేయండి. 1999లో వచ్చిన క్వేక్ 3 అరీనాని ఇవాళ్టికీ ఆడగలుగుతున్నామంటే అందుకే.

మొదటి రెండు గంటలు

స్టీమ్‌లో కొన్న 14 రోజుల్లోపు, ఆడిన సమయం రెండు గంటలు దాటకముందు అడిగితే డబ్బు తిరిగొస్తుంది. దీన్ని ఒక పరీక్షగా వాడుకోండి. డౌన్‌లోడ్ సమయం లెక్కలోకి రాదు. గేమ్ తెరిచిన క్షణం నుంచి గడియారం తిరుగుతుంది, మొదటిసారి షేడర్లు (గ్రాఫిక్స్ గీసే చిన్న ప్రోగ్రాములు) కంపైల్ అవుతున్న పావుగంటతో సహా. అందుకే ముందే చేయగలిగిన పనులు బయటే ముగించండి: గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేయడం, కంపెనీ వెబ్‌సైట్‌లో ఖాతా తెరవడం, మోసాల్ని పట్టే యాంటీ చీట్ ఏమేం అడుగుతుందో చూసుకోవడం. పీసీలో బ్యాటిల్‌ఫీల్డ్ 6కి సెక్యూర్ బూట్ (నమ్మదగ్గ సాఫ్ట్‌వేర్‌తోనే కంప్యూటర్ మొదలయ్యేలా చూసే సెట్టింగ్) ఆన్‌లో ఉండాలి. బయోస్‌లోకి (విండోస్ మొదలవకముందు తెరిచే సెట్టింగులు) వెళ్లి దాన్ని ఆన్ చేయడం రాకపోతే, గేమ్ తెరుచుకోకుండానే సాయంత్రం అయిపోతుంది.

మీరు మామూలుగా ఆడే రోజున, ఆ వేళకే మొదలుపెట్టండి. ఆదివారం సాయంత్రం ఆడి చూసి, తర్వాత రోజూ తెల్లవారుజామున ఆడతానంటే పరీక్ష చెల్లదు. ట్యుటోరియల్ దాటేయగలిగితే దాటేయండి. పదిహేను నిమిషాలు సెట్టింగులకు, మౌస్ సెన్సిటివిటీకి కేటాయించి మ్యాచ్‌లలోకి దిగండి. ప్రతి మ్యాచ్‌కీ మూడు అంకెలు కాగితం మీద రాసుకోండి: క్యూలో ఎన్ని సెకన్లు, పింగ్ ఎంత, మొదలయ్యేసరికి ఎంతమంది.

మొదటి గెలుపుల్ని నమ్మకండి. ఫోర్ట్‌నైట్, పబ్‌జీ లాంటివి కొత్తవాళ్ల మ్యాచ్‌లలో బాట్లను కలుపుతాయి. ఎదుటివాడు మీకు ఎదురుగా నిలబడి, కదలకుండా, ఆలోచించుకుని కాలుస్తున్నాడంటే వాడు మనిషి కాకపోవచ్చు. కొన్ని మ్యాచ్‌ల తర్వాత వచ్చేదే అసలు ఆట. స్కోర్‌బోర్డులో పేర్లు కూడా గమనించండి. వరసగా మూడు మ్యాచ్‌లలో అవే పేర్లు మళ్లీ మళ్లీ వస్తుంటే మీ చోట జనం అంతే ఉన్నారన్నమాట.

గంటా నలభై నిమిషాలకు ఆపి కాగితం చూడండి. క్యూ సగటున రెండు నిమిషాలు దాటినా, సగం మ్యాచ్‌లు అరకొరగా మొదలైనా వెనక్కిచ్చేయండి. ఆట నచ్చిందా అన్నది దాని తర్వాతి మాట. ఎంత నచ్చినా క్యూలో కూర్చుని ఆడలేరు.

బయటి సైట్‌లో కొన్న కీకి (గేమ్‌ని ఖాతాలో చేర్చే కోడ్) స్టీమ్ రీఫండ్ ఉండదు. ఆ గేమ్‌లో వ్యాక్ (స్టీమ్ సొంత యాంటీ చీట్) నిషేధం పడినా ఉండదు. గేమ్ కొన్న రెండు రోజులకే సేల్ వస్తే రీఫండ్ తీసుకుని తక్కువ ధరకి మళ్లీ కొనుక్కోవచ్చు, దాన్ని స్టీమ్ దుర్వినియోగంగా చూడదు. ప్లేస్టేషన్ స్టోర్‌లో మాత్రం డౌన్‌లోడ్ మొదలైతే, గేమ్‌లో లోపం ఉంటే తప్ప డబ్బు వెనక్కి రాదు. అక్కడ ఓపెన్ బీటా (విడుదలకు ముందు అందరికీ ఇచ్చే పరీక్ష వెర్షన్), ఉచిత వారాంతం, ట్రయల్ దొరికేదాకా ఆగడమే దారి.

రీఫండ్ అడిగేటప్పుడు స్టీమ్ వాలెట్‌కా, డబ్బు కట్టిన కార్డుకా అని అడుగుతుంది. కార్డునే ఎంచుకోండి. వాలెట్‌లో పడ్డ డబ్బు తర్వాతి సేల్‌లో మరో షూటర్‌గా మారిపోతుంది.